బంగారం కింద

జాలరిపేట చర్చిలో పక్కగోడ
ఉప్పుగాలికి పొలుసులు పొలుసులుగా రాలిపోతే
బోట్లకు నంబర్లు రాసే మా నాన్నని పిలిచారు.
నేను డబ్బాలు మోసేదాన్ని.

విచారణ గురువు ఇన్నాసిగారు
ఏడువందల ఏళ్ళ కిందటి బొమ్మల పుస్తకం తెరిచి
ఒక్కో రంగుకీ అర్థం చెప్పారు.
మరియమ్మ పైటకి నీలం.
రాయి నూరి తీసిన నీలం, బంగారమంత ప్రియమట.
దాని పేరుకి అర్థమే
సముద్రం అవతలిది అనట.
నాన్న కిటికీలోంచి హార్బర్ వైపు చూశాడు.
"ఆళ్ళకి అవతలంటే మనవే కదేటి!"
బోటుకి వేయగా మిగిలిన నీలంతోనే
ఆ తల్లి కొంగు మొదలుపెట్టాడు.

కడరా భోజనం దగ్గర పని ఆగింది.
యూదాకి పసుపన్నారు గురువుగారు,
పాత బొమ్మల్లో ద్రోహానికి అదే రంగట.
నాన్న కుంచె కిందపెట్టేశాడు.
గడపకి రాసేది, పెళ్ళికూతురి పాదాలకి రాసేది,
బాలింత ఒంటికి రాసేది.
"పసుపుకా పేరెట్టనండి నాను."
మూడురోజులు యూదా
చొక్కా లేకుండానే బల్లముందు కూర్చున్నాడు.
చివరికి, పోర్టునుంచి ఎగిరొచ్చి
మా అన్నం కుండలమీదా, ఆరేసిన బట్టలమీదా వాలే
బొగ్గుధూళి కలిపి ఒక రంగు చేశాడు నాన్న.
గురువుగారు ఏమీ అనలేదు.
ఆయన తెల్ల అంగీ అంచూ అదే రంగులో ఉంది.

ఆ పుస్తకంలో ఆకాశం లేదు.
మబ్బు లేదు, పొద్దు లేదు, వెనకంతా బంగారమే.
అక్కడ గంటలు గడవవు అన్నారాయన.
తుఫాను కబురొచ్చాక ఒడ్డున కూర్చుంటే
నాకూ తెలుసు అలాంటి ఆకాశం,
బంగారం కాదుగానీ.

చందాడబ్బుకి వచ్చిన బంగారురేకు
బాలయేసు తల వెనక వలయానికే సరిపోయింది.
రేకు కింద ఎర్రమట్టి పూయాలట,
అప్పుడే వెచ్చగా వెలుగుతుందట.
భీమిలి దారిలో దిబ్బల దగ్గర సైకిలాపి
చేతిరుమాలులో మూటగట్టి తెచ్చాడు నాన్న.
నూరి, వడగట్టి, గుడ్డు తెల్లసొన కలిపి పూసిన రాత్రి
పసివాడి తల చుట్టూ పచ్చిపుండులా ఉంది.
తెల్లారి రేకు వేశాక
దాని సంగతి అందరం మర్చిపోయాం.

పన్నెండేళ్ళయింది.
బోట్లకిప్పుడు స్టిక్కర్లు అంటిస్తున్నారు.
బేరానికి పోయే ఆడవాళ్ళు గుమ్మంలో బుట్టలు దించి
తడిచేతుల్తో ముట్టుకుని, ముట్టుకుని
ఒకవైపు వలయం అరిగిపోయింది.
మళ్ళీ రేకు వేయిద్దామా అన్నారు కొత్త గురువుగారు.
నాన్న గోడదాకా నడిచి
అరిగినచోట ముక్కు ఆనించి నిలబడ్డాడు.

"భీమిలి" అన్నాడు.