చిల్లుల ఊరు

టర్నర్స్ ల్యాండింగ్‌లో
ఏ పెరట్లో గునపం దించినా
ముందు ఖణేల్‌మంటుంది, తర్వాతే మన్ను.
చిక్కుడు పాదు కోసం తవ్వితే
నాకు దొరికింది ఆల్చిప్ప,
ఒంటినిండా గుండ్రటి చిల్లులతో.
మూడో నాలుగో కాదు, తొమ్మిది.

ఆ తొమ్మిదీ ఎవరెవరి చొక్కాలకో అతుక్కుని
కోర్టుకో, పెళ్లికో, శవపేటికలోకో
ఎప్పుడో వెళ్లిపోయాయి.

మిసిసిపీ అడుగున వీటికి పేర్లుండేవి:
పందిగిట్ట, కోతిమూతి, చాకిబండ.
నోరు తెరుచుకుని, పారే నీళ్లే తిండిగా
ఎవరి జోలికీ పోకుండా పడుండేవి.
పడవ వెనక కొక్కేలు ఈడ్చుకెళ్తే
ముల్లు తగలగానే దడుచుకుని నోరు మూసేవట.
మూసినవే దొరికాయి.

ఒడ్డున వాటిని ఉడకేసిన కంపు
ఆదివారం ప్రార్థనలోకొచ్చి ముందు బల్ల మీద కూర్చునేది.
మాంసం పందులకు, చిప్ప ఫ్యాక్టరీకి.
ఏడాదికో ముత్యం దొరికినా
అది ఎవడి దవడలోనో దాక్కుని ఊరు దాటేది.

గెర్హార్ట్ వుల్ఫ్‌క్యాంప్
కోత బల్ల దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు నిలబడ్డాడు.
గొట్టపు రంపం, చిమ్మే నీళ్లు,
మోచేతులదాకా తడి, ముక్కుల్లో తెల్లపిండి.
బొటనవేలు సగం రంపం తినేసింది.
మిగిలిన సగంతోనే
పెళ్లినాడు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

గ్రోసంటే పన్నెండు డజన్లు,
బడిలో చెప్పింది అదే.
లెక్కగదిలో మాత్రం పద్నాలుగు పోస్తేగానీ
పన్నెండని రాసేవారు కాదు.
ఆ రెండూ ఎటుపోయాయని
పదహారేళ్లపాటు ఒక్క నోరూ తెరుచుకోలేదు.

అడిగింది అడెల్‌హైడ్, అతని భార్య,
దీపం దగ్గర అట్టలకు గుండీలు కుడుతూ:
"నా సూదికి పన్నెండైనప్పుడు
నీ రంపానికి పద్నాలుగెట్లా అయింది?"

ఆ మాట గుమ్మం దాటింది, వీధి దాటింది.
చలికాలమంతా ఫ్యాక్టరీకి తాళం,
ఇళ్లలో పొయ్యిలకూ తాళమే.
మంచు కరిగాక తలుపులు తీశారు.
పద్నాలుగు పదమూడైంది.
దాన్నే గెలుపన్నారు, బ్యాండు కూడా వాయించారు.

తర్వాత ప్లాస్టిక్ వచ్చింది.
దానికి నదితో పనిలేదు.
మిగిలిన చిప్పలు దారుల గుంతల్లో పోసి తొక్కించారు.
వానొస్తే ఇప్పటికీ
కొన్ని సందులు వెన్నెల పడ్డట్టుంటాయి.

ఈ ఉదయం రేవులో
నల్ల రబ్బరు దుస్తులేసుకుని ఓ అమ్మాయి
బుడుంగున మునిగింది.
అక్కడ కళ్లు పనికిరావట, వేళ్లతో తడిమే లెక్క.
పడవలో కుర్రాడు రాసుకుంటున్నాడు:
పందిగిట్ట ఒకటి, చాకిబండ రెండు,
కోతిమూతి... మళ్లీ చూడు, ఉందేమో.

పన్నెండు కాగానే గీత కొట్టాడు.
ఒక్కొక్కటే నీళ్లలోకి జారవిడిచారు.
చివరిది నోరు బిగించుకునే మునిగింది.