డ్రైవర్ నాట్ ఫౌండ్

మేడ మీదనుంచి నూఫ్ పాప అరిచింది:
"డ్రైవర్ లేడు!"
టీ గ్లాసు గోడ మీద పెట్టి
చెప్పులు చేత బట్టుకోని ఉరికినా.
"ఈడే ఉండా కద పాపా, యాడికి పోవాల?"

పాప నవ్వింది. పదమూడేండ్లు.
ఆస్పత్రి నుంచి ఈ ఇంటికి
నా బండిలోనే వచ్చింది, నాలుగు దినాల గుడ్డు.
"నువ్వు కాదు ఓబులేసూ. ప్రింటరుకు."

ప్రింటరుకా?
బీరువా పక్కనుంచి అది కదిలింది నేనెప్పుడూ చూడలే.
చక్రాలు లేవు. ఈ జహ్రా దాటి అది పోయేది యాడికి?

"అట్లా కాదు. నేను చెప్పింది
దానికి దాని భాషలో చెప్పేవాడు.
వాడు లేకుంటే మిషను ఉన్నా లేనట్టే."

కాసేపు నిలబడిపోయినా.
పెద్దసేటు అరబ్బీలో కసిరితే
వంటింట్లో కుసుమక్కకు హిందీలో మెత్తగా,
తోటలో బంగ్లా పిల్లోడికి సగం సైగల్తో,
వాళ్ల జవాబు తిరిగి సేటుకు
తిట్లు ఏరేసి, కారం తగ్గించి...
ఇన్నేండ్లూ నాది స్టీరింగు పనే అనుకుంటి.

"దొరికింది" అనింది పాప.
యాడుండాడంట?
జపానులో.
పచ్చగీత నిండింది, వచ్చేసినాడు.
మెడికల్ లేదు, వేలిముద్ర లేదు,
రాయచోటి ఏజెంటు లేడు.
నాకు పదకొండు నెలలు పట్టింది,
మా యమ్మ కమ్మలు, ఎర్రావు, దాని దూడ.

నడమ తెర ఏదో అడిగింది.
"పాతదాన్ని తీసేయాల్నా అంటాంది"
చదివీ చదవకనే 'సరే' నొక్కింది.
నేనూ నా సెల్లులో అట్లే నొక్కుతా.

ప్రింటరు గొంతు సవరించుకుంది.
కాగితమొచ్చింది, ఖుబ్బూసు మాదిరి వెచ్చగా.
"బాబాకు ఇచ్చిరా" అనింది ఫోన్లో తల పెట్టి.

మెట్లు దిగతా చూసినా.
అరబ్బీ మాట్లాడతా గానీ చదవలేను.
బోర్డులు చూసీ చూసీ పట్టుబడిన మాటలు నాలుగు:
ఆస్పత్రి, పెట్రోలు, దారి లేదు, సాయిక్.

ఇందులో సాయిక్ ఉంది. రెండుచోట్ల.
సాయిక్ అంటే డ్రైవరే.

ఏ డ్రైవరో
పాపను అడగొచ్చు. పైకి పదిమెట్లే.
అడగలే.
దీవానియా గడప కాడ
చేతిలో చెప్పులు కింద పెట్టి
కాగితం చల్లారేదాకా నిలబడినా.