గుండు పలుకు

కాశీబుగ్గలో రైలు గేటు దాటాక మూడో షెడ్డు మాది.
నాది తూకం బల్ల. చెవి మీద పెన్సిలు, ఒళ్లో చిట్టా.
మా దగ్గర పలుకు అంటే జీడిపలుకే.
విరక్కుండా వస్తే గుండు, చీలితే బద్ద,
చితికితే నూక.
నూకకి ఊరూ లేదు, పేరూ లేదు.

పోయిన వైశాఖంలో చినబాబు ఒక పద్ధతి తెచ్చాడు.
వారంలో అందరికన్నా ఎక్కువ గుండు తీసినామెకి
స్టీలు క్యారేజీ, నాలుగు గిన్నెలది.
కిలోకి నూరు గ్రాములు దాటి నూక పడితే
కూలిలో పది రూపాయలు కోత.
క్యారేజీని నా తలకాయ పైనే మేకుకి తగిలించాడు.
తొమ్మిదింటికి కిటికీలోంచి ఎండ దాని మీద పడి
నలభైమంది మొహాల మీద చిల్లరలా చెదిరేది.

అంతకు ముందు ఆ షెడ్డులో
ఒక్క నిమిషం నోరు మూతపడేది కాదు.
ఎవరి కోడలికి నెల తప్పిందో,
ఏ పడవ వజ్రపుకొత్తూరు ఒడ్డుకి ఉత్తినే తిరిగొచ్చిందో.
జీడిసొన తగిలి వేలు పొక్కితే
పక్కామె ఆముదం రాసేది, తిడుతూనే.

తవిటమ్మకి కుడికన్ను మసక.
మధ్యాన్నం దాకా ఆమె పళ్లెంలో సగం నూకే.
సాయంత్రం తూకానికొచ్చేసరికి
అదే పళ్లెం ఎలాగో గుండుతో నిండి ఉండేది.
నేనెప్పుడూ అడగలేదు.
ముల్లు చూసి రాసుకునేవాణ్ణి.

పద్ధతి వచ్చిన నాలుగో రోజుకి
కత్తి చప్పుడు, పొట్టు రాలే చప్పుడు. అంతే.
పలుకు విరక్కూడదని పలుకే మానేశారు.
చినబాబు నూక డబ్బాలోకి తొంగి చూసి
"చూశావా లింగం,
మనిషికి ఆశైనా ఉండాలి, భయమైనా ఉండాలి" అన్నాడు.
లెక్క ఆయన పక్కనే ఉంది. నూక సగానికి పడింది.
ఆ కూడిక నాదే.

కూడికలో కలవనిది ఒకటుంది.
పొద్దున్న ఎన్ని పిక్కలు తూచి ఇచ్చానో నాకు తెలుసు.
పెంకు, పొట్టు, గుండు, బద్ద, నూక
అన్నీ కలిపినా రోజుకి రెండు కిలోలు తక్కువ.
విరిగినవి ఎటు పోతున్నాయో
దాలమ్మకి పొలమారినప్పుడు తెలిసింది.
నమలకుండా మింగుతోంది.
ఆకలై కాదు.
తప్పు కనబడకుండా.

ఆ వారం తవిటమ్మకి ఆరు కోతలు.
ఆరూ నా అక్షరాలే, గుండ్రంగా, కొట్టివేత లేకుండా.
"ఏటి లింగవా, నా కన్నుకి జుల్మానా ఏసినావేటి?"
నవ్వుతూనే అంది.
ఆ నవ్వుని ఏ గడిలో రాయాలో
చిట్టాలో గీత లేదు.

క్యారేజీ నీలవేణికి వచ్చింది.
చప్పట్లు లేవు.
చేతులకి సొన ఉంది కదా అనుకున్నాడు చినబాబు.
రెండో వారమూ నీలవేణే. మూడో వారమూ.
నాలుగో వారానికి ముప్పైతొమ్మిదిమందికి ఆశ పోయి
భయం ఒక్కటీ మిగిలింది.
మూడు క్యారేజీల నీలవేణి
బాయిలరు గోడ వెనక
ఒక్కతీ కూర్చుని అన్నం తింటోంది,
నాలుగు గిన్నెల్లో మూడు ఖాళీవి పక్కన పేర్చుకుని.

ఇప్పుడు నాకూ ఒక పద్ధతి.
గేటు దగ్గర నిలబడి పట్టిస్తే తలకి ఇంత,
వదిలేస్తే నా జీతంలో అంత.
ముందస్తుగా చేతి గడియారం ఒకటి కొనిచ్చాడు.
మంచిదే. టైము తప్పదు.
వద్దనలేదు నేను.
ఆ మాట కూడా రాసి పెట్టుకోవాలి కదా ఎక్కడో.

నిన్న సాయంత్రం అయిదుంపావు.
విశాఖ పాసింజరు వెళ్తోంది, గేటు వేసి ఉంది.
దాలమ్మ వరసలో ముందుకొచ్చింది.
కొంగు దులిపింది. కొప్పు విప్పింది.
నేను అడగకముందే
నా గడియారం కేసి ఒకసారి చూసి
నోరు బార్లా తెరిచి చూపించింది.

నాలుక మీద ఏమీ లేదు.
ఒక్క పలుకు కూడా.