పెట్టె మీద పేరు

గిద్దలూరు బస్టాండు వెనక సందులో
యాభై రెండేళ్ళు పెట్టెల మీద పేర్లు రాశాను.
నల్ల ఇనప పెట్టె, తెల్ల ఎనామిల్.
ముందు పేరు, సెలవుకొచ్చాక నంబరు,
ఆ తర్వాత ఎక్కడికి వేస్తే ఆ ఊరు.
ఇంగ్లీషు నాకు రాదు,
బొమ్మలుగా చూసి దించేవాణ్ణి.
జలంధరు, సిలిగురి, లేహ్,
ఇవన్నీ నా చేతి మీదుగానే పోయినాయి.
నేను మాత్రం నంద్యాల దాటలేదు.

మొదటి పెట్టె పులిపోగు యేసోబుది.
నాకప్పుడు పద్నాలుగు. మా నాయనకు జొరం,
కుంచె నా చేతికొచ్చింది.
ఎస్ తిరగబడింది.
"తప్పయితే తప్పు గానీ
పేరు మొత్తం రాశావు కదరా బాబావలీ" అన్నాడు.
ఊళ్ళో ఆయన్ని మొత్తం పేరుతో పిలిచినోళ్ళు లేరు.
రేయ్ యేసోబుగా, అంతే.
హోటలు బయట గూట్లో ఆయన గ్లాసు వేరే ఉండేది.
రెజిమెంటులో అందరికీ ఒకటే రకం మగ్గు అని
మొదటి సెలవుకొచ్చి చెప్పాడు.
యుద్ధం గురించి అడిగినా మగ్గు గురించే చెప్పేవాడు.
దేశం అనే మాట ఆ నోట నేను వినలేదు.

ఆశీర్వాదం వేళకి లెక్క మారింది.
పింఛను, క్యాంటీను కార్డు, కంభం రోడ్డులో ఇంటిస్థలం.
తెల్లారుజామున రైల్వే గేటు దాకా
యాభైమంది కుర్రాళ్ళు పరిగెత్తేవాళ్ళు,
కుక్కలు కూడా మొరగడం మానేసినాయి.
తండ్రి పేరు గీకెయ్యమన్నాడు.
గీకలేదు నేను, పైన నల్లరంగు పూసి రాశాను.
కూలి బదులు, సెలవుకొచ్చినప్పుడు
తువ్వాల్లో చుట్టి రమ్ము సీసా తెచ్చాడు.
నేను తాగనని తెలుసు.
"టర్పెంటాయిలు అనుకో మామా" అన్నాడు.

వాళ్ళన్న సాల్మోను పెట్టె కూడా నేనే రాశాను.
అది మనిషి కంటే పదకొండు రోజులు వెనక వచ్చింది.
దాని గురించి ఇంకేం చెప్పను.

మొన్న ఆశీర్వాదం కొడుకు రూబేను వచ్చాడు,
తాత పెట్టెనే బండి వెనక తాడుతో కట్టుకుని.
ఇప్పుడు పేర్లంటే స్టిక్కర్లు, ఫ్లెక్సీలు.
నా కుంచె వెంట్రుకలు నా నెత్తిలాగే పలచబడ్డాయి.
"నాలుగేళ్ళే మామా,
నూటికి పాతికమందిని ఉంచుకుంటారు,
మిగతావాళ్ళకి డబ్బిచ్చి పంపుతారు."
వాళ్ళ నాయనకు ఇప్పుడు ఒంగోల్లో ఏటీయం ముందర కుర్చీ.
"పదిహేడేళ్ళు చేసి నేనిక్కడ కూర్చున్నా,
నాలుగేళ్ళు చేసి నువ్వెక్కడ నిలబడతావురా" అన్నాడంట.
అమ్మ మూడురోజులు మాట్లాడలేదంట.
నాయనమ్మ మాత్రం, ఎవరికీ చెప్పకుండా,
పెట్టె అడుగున యేసోబు మగ్గు పెట్టింది.

"మరి ఎందుకు పోతున్నావు?"
వాడు మూతని గోటితో గీస్తూ చాలాసేపు ఉన్నాడు.
"పరిగెత్తడం అలవాటైంది మామా.
ఆపితే ఏం చెయ్యాలో తెలవడంలా."

తర్వాత నవ్వాడు: "నాలుగేళ్ళుండే రంగు చాల్లే."
అట్లాంటి డబ్బా ఏ కంపెనీవాడూ చెయ్యడు నాయనా.
ఎనామిల్ ఇరవై ఏళ్ళు పట్టుకుంటుంది,
దానికి జీవోలు తెలియవు.

ఉప్పుకాగితం పెట్టి రుద్దాను.
ఆశీర్వాదం పొడిపొడిగా రాలాడు.
అడుగున యేసోబు బయటపడ్డాడు,
తిరగబడ్డ ఎస్‌తో సహా.
చెయ్యి ఆగింది.
"అది ఉండనీ," అన్నాడు రూబేను, "పక్కన రాయి."

పక్కన రాశాను. కుంచె వణికి
చివరి అక్షరానికి ఒక కాలు పొట్టయింది.
ఎంతని అడిగి ఫోను తీశాడు,
నా గోడకు ఆ గళ్ళబొమ్మ లేదు.
"సెలవుకొచ్చినప్పుడు ఇద్దువులే" అన్నాను,
ఆ ఇంటివాళ్ళతో నాది పాత లెక్క.

ఆరనివ్వరా అంటే వినలేదు, గుంటూరు బండికి టైమైంది.
మోటారుసైకిలు నా కొట్టు ముందే వదిలి
పెట్టె భుజానికెత్తి పరుగు తీశాడు.
నీలం చొక్కా మీద తడిపేరు
తిరగబడి అంటుకుంది.
మలుపు దాకా కనపడింది.

చేతులు రెండుసార్లు కడిగాను.
గోళ్ళలో ఇంకా
ఆశీర్వాదం పొడి.