తాళంచెవి నా దగ్గరే

శనివారం శనివారం ఈ ఇల్లు మనుషుల్ని మార్చుకుంటుంది.
పొద్దున పదింటికి బెల్జియం వాళ్ళు వెళ్ళిపోయారు,
పరుపుల మీద ఈతకొలను తడి,
ఫ్రిజ్‌లో సగం కోసిన నిమ్మకాయ వదిలేసి.
సాయంత్రం నాలుగింటికి రోటర్‌డామ్ వాళ్ళొస్తారు.
మధ్యలో ఆరు గంటలు
ఇల్లు నాది.

కిటికీ రెక్కలన్నీ బిడాయించి
రాతినేల మీద నీళ్ళు చల్లి
చెప్పులు విప్పి నడుస్తాను.
ఆగస్టులో డౌరో లోయలో ఇంతకు మించిన భోగం లేదు.
తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు కొలిమి
అంటారు మావాళ్ళు.
కొలిమికి కూడా అద్దె కట్టే కాలం వచ్చింది.

పదకొండేళ్ళప్పుడు ఇదే ఇంట్లో
వంటింటి గడప దాటలేదు నేను.
దోన ఎస్తెఫానియా నడుముకి పదిహేడు తాళంచెవుల గుత్తి.
ఆవిడకన్నా ముందు దాని గలగల వచ్చేది,
మేం అంట్ల మీదకి ఇంకాస్త వంగేవాళ్ళం.
ఇప్పుడు ఒకటే తాళంచెవి, నా జేబులో.
ఎవరో దానికి ఊదారంగు ప్లాస్టిక్ ద్రాక్షలు తగిలించారు.
ఆ గుత్తి పోయి ఈ గుత్తి వచ్చింది.

వచ్చారు.
లీస్‌బెత్‌కి అప్పుడే మెడ కందిపోయింది.
భర్త కారు దిగకముందే లోయని ఫొటో తీశాడు.
ఆరేళ్ళ యోరిస్ నన్నేదో అడిగాడు,
తల్లి ఫోను దాన్ని మా భాషలో పలికింది, లిస్బన్ యాసలో:
"ద్రాక్ష తొక్కేది ఇవాళేనా?"
ఇంకా ఐదు వారాలుంది నాయనా,
అప్పటికి నువ్వు బడిలో ఉంటావు.
వాడు నమ్మలేదు. వెళ్ళి ఒక పచ్చిగింజ తెంపి కొరికాడు.
ముఖమంతా ముడుచుకుపోయింది.
అందని ద్రాక్షే పుల్లన అనుకుంటుంది లోకం.
ఆగస్టులో, అందిందీ పులుపే.

తర్వాత వేలు చాచి ఎదుటి కొండ చూపించాడు.
అక్కడ మెట్లున్నాయి, తీగలేవి?

అద్దె కాగితంలో రాయని సంగతి అది.
మా ముత్తాత తండ్రి కాలంలో ఒక పురుగొచ్చింది,
ఆవగింజలో వందో వంతు కూడా లేదు,
వేళ్ళు తినేసి కొండకి కొండ ఎండగట్టింది.
మగవాళ్ళు బ్రెజిల్ ఓడలెక్కారు.
గోడలు ఓడలెక్కలేక ఉండిపోయాయి.
మోర్తోరియు అంటాం వాటిని, చచ్చిన చేలు.
ఇప్పుడక్కడ ముళ్ళపొదలు, అడవిపందులు,
ఏ మెట్టుకా మెట్టు చెక్కుచెదరకుండా.

ఇవతల గట్టు గోడలు మా నాన్న బెలార్మినోవి.
సున్నం లేదు, అడుసు లేదు, రాయి మీద రాయి.
ఇక్కడి రాయి దెబ్బ కొడితే పలకలుగా విడిపోతుంది.
బడిలో ఏనాడూ పలక పట్టని మనిషి
నలభై ఏళ్ళు పలకలే పేర్చాడు.
ఒక్క అక్షరం రాయలేదు.
ఎన్ని వానలు కడిగినా ఆ రాత చెరగలేదు.

ఇదంతా ఫోనుకి చెప్పాను.
అది విని, కాసేపాగి, డచ్చి భాషలో ఏదో అంది.
చాలా చిన్న వాక్యం.
దారిలో ఏమేం జారిపోయాయో నాకు తెలీదు.
పిల్లాడు మాత్రం పెద్దమనిషిలా తలూపాడు.

గురువారం రాత్రి బల్ల దగ్గర కూర్చోమంది లీస్‌బెత్.
కూర్చున్నాను, కుర్చీ అంచునే.
గ్లాసులో పోసింది ఈ కొండదే,
సీసా మీద పేరు మాత్రం ఎవరో లండన్ ఆయనది.
బావుందా అని అడిగారు, నేనే చేసినట్టు.
బావుందన్నాను.

మళ్ళీ శనివారం.
తువ్వాళ్ళు ఎత్తుతుంటే ఈతకొలను వెనక
మూరెడు గోడ కనపడింది.
పిడికెడేసి రాళ్ళు, మూడు వరసలు,
పైన ఒక పచ్చి ద్రాక్షగింజ, వడిలిపోయి.
అతిథులు వదిలిందేదీ మిగలకూడదని ఏజెన్సీ ఆజ్ఞ.

చీపురు పక్కన పెట్టి వంగాను.
పునాది వరసలో ఒక రాయి అడ్డంగా పెట్టాడు.
పొడుగు కొండలోకి పోవాలి, పొట్టి ముఖం మనకి కనపడాలి,
నాన్న తిట్టేది దీనికే.
తీసి తిప్పి పెట్టాను.
వేలితో నొక్కి చూశాను, కదల్లేదు.

నాలుగయ్యేసరికి ఇంకెవరో వస్తారు.
లోపల నేల ఇంకా తడిపింది కాదు.