మంగళారం

శుక్రవారం సాయంత్రం నుంచే
మా లాడ్జి మెట్లమీద చెప్పులకు చోటుండదు.
బెంగుళూరు కార్లు, మద్రాసు కార్లు,
సేలం నుంచి మూడు కుటుంబాలకు ఒక వ్యాను.
ముప్పై నాలుగు గదులు, అరవై ఎనిమిది తలగడలు.
ఆదివారం పొద్దునకు
కొండమీద తలనీలాలిచ్చి వచ్చిన గుండ్ల గంధం
గలీబులన్నింటికీ అంటుకోని ఉంటుంది.
ఒక్క ఉతుకుకు పోదు ఆ పసుపు.
నేను నానబెడతా, దిల్షాద్ రుద్దుతుంది.
డాబామీద ఆరేస్తే
వాటి వెనక శేషాచలం
ఎవరూ మడతపెట్టని దుప్పటి మాదిరి
అట్లే పడుంటుంది.

"ఏమ్మా, రెండు రోజులుంటాము, ఏమేం చూడొచ్చు?"
బకెట్టు దించకుండానే వేళ్ళు మడిచి చెప్తా.
తిరుచానూరు, కపిలతీర్థం, చంద్రగిరి కోట,
టైముంటే తలకోన, పిల్లోళ్ళుంటే జూ.
వాళ్ళు ఫోన్లో ఎక్కించుకుంటారు.
యాడ నిలబడాలో,
ఏ గోడకు ఆనుకోవాలో మాత్రం చెప్పను.
అవి మాకు.

మాకు మంగళారమే ఆదివారం.

కార్తీకంలో
రాత్రి కొండమీద పడిన వాన
తెల్లారేసరికి కపిలతీర్థంలో దిగుతుంది.
నేను పోయి ఊరికే నిలబడతా.
నీళ్ళు నాకు పని చెప్పకుండా పడేది
వారానికి ఆ ఒక్క పూటే.
దిల్షాద్ లోపలికి రాదు,
బయట చెప్పుల దగ్గర కూర్చోనుంటుంది.
కొంగు తడిపి తెచ్చి
ఆమె చేతుల్లో పిండుతా.
"సబ్బు లేని నీళ్ళు ఇట్లుంటాయా!" అని
మొహానికి పూసుకుంటుంది.

ఆమీద చంద్రగిరి బస్సు.
కోటలో టికెట్టు తీసుకున్నోళ్ళంతా
కత్తులూ విగ్రహాలూ చూస్తారు.
దిల్షాద్ రాజమహలు గదులు లెక్కపెట్టింది.
మధ్యలో లెక్క తప్పి మళ్ళా మొదలుపెట్టింది.
"ఇన్ని గదులు పొద్దున్నే ఎవురు ఊడ్చింటారబ్బా?"
నాకూ తెలీదు.
"సరే, దుప్పట్లు యాడ ఆరేసింటారు?"
అది మాత్రం కనిపెట్టగలమనిపించింది.
ఎండ చూసినాము, గాలి చూసినాము,
కోతులు ఎక్కే పక్కను వదిలేసినాము.
దక్షిణం వైపు,
మోకాలెత్తుకు మిగిలిన ఒక మొండిగోడ.
ఇదే అని ఇద్దరమూ ఒప్పుకున్నాం.
దానికి ఆనుకోనే
చిత్రాన్నం డబ్బా విప్పినాము,
ఉడకేసిన చెనిక్కాయలు పొట్లం విప్పినాము.
రాయి వెచ్చగా ఉండింది,
ఇప్పుడే ఎవురో గుడ్డలు తీసుకోని పోయినట్టు.

పోయిన వారం ఇంతియాజును కూడా పిలుచుకోని
జూకు పోయినాము.
వాడికి ఆరేళ్ళు, పులి చూడాలని పంతం.
బడి ఎగ్గొట్టించి, కొత్త చొక్కా తొడిగించి,
ఆటోకు నూటయాభై పోసి దిగితే
గేటుకు తాళం.
"మంగళారం సెలవమ్మా. రేపు రాండి."
రేపు మాకు డ్యూటీ.
ఆ మాట వాచ్‌మనుకు చెప్పి ఏం లాభం?
ఇంతియాజు గేటు కమ్మీలు పట్టుకోని
ఊరంతా వినబడేట్టు ఏడ్చినాడు.
అప్పుడు లోపల్నించి,
చెట్ల అవతల్నించి,
గచ్చుమీద ఇనుప మంచం లాగినట్టు
ఒక అరుపు.
వాడి ఏడుపు సగంలో ఆగిపోయింది.
"పులి!"
"అది సింహంరా" అన్నాడు వాచ్‌మన్.
"పులే" అన్నాడు వాడు, ముక్కు తుడుచుకోకుండా.

"ఏం చేస్తా ఉంటుంది మా ఇప్పుడు?"
దిల్షాద్ గేటు ముందర కింద కూర్చోని
కాళ్ళు చాపుకోనింది.
"ఏముంది, ఈరోజు ఎవురూ రారు గదా,
పొర్లాడుకుంటా ఉంటుంది."

మేమూ కాసేపు అట్లే ఉన్నాం.
ఐసు బండి ఒకటి వచ్చింది,
ఎవురూ లేరని పోబోయి
మమ్మల్ని చూసి ఆగింది.

మళ్ళా శుక్రవారం.
మెట్లమీద చెప్పులు.
హోసూరు నుంచి వచ్చిన ఒకామె అడిగింది,
మంగళారం దాకా ఉంటారంట.
తిరుచానూరు చెప్పినా, కోట చెప్పినా.
"జూకు మాత్రం మంగళారం పోవద్దండి" అన్నా.
"ఏం?"
"సెలవు."
ఎవరికని ఆమె అడగలా.