ముట్టిన

అయిదో రౌండు, తొమ్మిదో బల్ల.
నల్లగొండల, దేవరకొండ రోడ్డు మీది ఫంక్షన్ హాలు.
నిన్నటి పెండ్లి తలంబ్రాలు ఇంకా కుర్చీల కింద,
స్టేజీ మీద సగం పీకిన పేర్లు.
నా రేటింగు పదిహేను వందల ఎనభై ఏడు.
మిర్యాలగూడ రైసుమిల్లుల చిట్టాలు రాసేటోణ్ని,
రూపాయి ఎటు పోయిందో రాత్రంతా దేవులాడే రకం.

ఎదురుంగ చిలువేరు జంగయ్య, పదహారు వందల నలభై.
మర్రిగూడ దిక్కు. బోరునీళ్లు తాగి పెరిగిన బొక్కలు.
మెడ తిరగదు; పక్కకు చూడాలంటే
మొత్తం మనిషి తిరగాలె.
ముడుసుకపోయిన వేళ్లు.
ఎత్తులు రాయనీకి పక్కన ఒక బడిపోరడు.
గుర్రాన్ని రెండు వేళ్ల నడుమ ఇరికిచ్చి
గాలిల దీపం తీస్కపోయినట్టు తీస్కపోయి
గడి నట్టనడుమ దించుతడు.
నేనైతే పావుల్ని విసిరినట్టు పెడ్త.

ఇరవై ఎత్తులకే నా శకటు ఇరుక్కున్నది.
ఫ్యాను గాలికి రాతకాయితం లేస్తుంటే
దాని మీద నీళ్ల సీసా పెట్టిన.
ఇంకేం తోచలే.

ముప్పై నాలుగో ఎత్తు.
ఏనుగు కోసం చెయ్యి చాపిండు.
చిటికెన వేలు రాజు నెత్తికి తాకింది.
రాజు ఊగిండు. పడలే.
నా చెయ్యి లేచింది.
నేను లేపలేదని ఎన్నిసార్లు చెప్పుకున్నా
అది నా చెయ్యే.

ఆర్బిటర్ వచ్చి మెల్లగ అడిగిండు:
"తగిలిందా, ముట్టిండ్రా?
తగిలితే లెక్కలేదు."
జంగయ్య ఆయన దిక్కు మొత్తం తిరిగి,
"ముట్టిన."
పోరని పెన్ను ఆగింది.
రాజును ఒక గడి జరిపి
మణికట్టుతోని గడియారం నొక్కిండు.

పదకొండు ఎత్తులకు చెయ్యిచ్చిండు.
నేను పట్టుకున్న చెయ్యి
మూసుకోలే, తెరుసుకోలే.

బయట చాయ్ కాడ నేనే అడిగిన:
ఏనుగు జరిగుంటే?
"జరిగినా పోయేదే సారూ.
నీ గుర్రం ఉన్నది గద."
బిస్కట్టు ముంచుకుంట చెప్పిండు.
పానం నిమ్మలమైంది.
మిర్యాలగూడల బస్సు దిగేదాక
గెలుపు మొత్తం నాదే.

రాత్రి మంచం మీద బోర్డు పరిచిన.
ఏనుగును జరిపిన.
నా గుర్రం ఎటు దుంకినా
ఆరెత్తుల్ల ఆటకట్టు. నాకే.
మల్ల చూసిన. మల్ల.
పదహారు వందల నలభై ఉన్న మనిషికి
ఇది కనపడకుంట ఉంటదా?

వచ్చే లిస్టుల నాకు పదకొండు పాయింట్లు పెరుగుతయి.
ఏ పద్దు కింద రాయాలె?

లైటు తీసే ముందు
నా వేళ్లు ముడుసుకొని
రాజుకు తాకకుంట ఏనుగును తీస్త పోయిన.
మూడుసార్లు తాకింది.
నాలుగోసారి తాకలే.